చేతికి తగిన కఱ్ఱ

గోల్ఫు ఆటను గూర్చి వ్రాయువారు సాధారణముగా పందెములను గూర్చియు, గెలిచినవారికి దక్కిన బహుమానములను గూర్చియు వ్రాయుదురు. ఆటకు సాధనమైన కఱ్ఱను గూర్చి వ్రాయువారు అరుదు. అది అంగడిలో పుట్టి అంగడిలో దొరకు వస్తువని పలువురి యభిప్రాయము. కాని ఆ యాటకు జన్మభూమియైన స్కాట్లండులోను, పిమ్మట దానిని మిక్కిలి పెంచిన అమెరికాలోను, తన కఱ్ఱను తానే కోసి, తూచి, అతికి, కూర్చుకొను ఆటగాండ్రు నేటికిని గలరు. ఇంటి ప్రక్క కొట్టములో ఒక బల్ల, ఒక వైసు, ఒక ఱంపము, ఒక త్రాసు అమర్చుకొని వారు చేయు పనిలో పెద్ద ప్రశ్నయొకటి ఇమిడియున్నది. పనిముట్టు మనిషికి తగినట్లుండవలెనా, లేక మనిషియే పనిముట్టునకు తగినట్లు వంగవలెనా? ఈ ప్రశ్న గోల్ఫుతో ముగియునది కాదు. కావుననే ఈ విషయమును ఇచ్చట కొంత విపులముగా చర్చింపదలచితిమి.

ఈ యాట మన దేశమునకు క్రొత్తది కాదు. కలకత్తాలో 1829లో స్థాపితమైన గోల్ఫు క్లబ్బు బ్రిటిషు ద్వీపములకు వెలుపల నేటికి నిలిచియున్నవానిలో మిక్కిలి ప్రాచీనమైనదని ప్రసిద్ధి. బెంగుళూరు క్లబ్బు 1876 నాటిది. గోలకొండ కోటలోని నయాఖిల్లాయందు నేడు గోల్ఫు మైదానము గలదు. ఆట ఇంతకాలముగా మన మధ్య నున్నను, కఱ్ఱ యెట్లు పుట్టునో, దాని గుణదోషము లెచ్చట నుండునో ఆడువారిలోనే పలువురెరుగరు. చూచువారి మాట చెప్పనేల?

విండ్లవాని చేతి పని

స్కాట్లండు చరిత్రలో గోల్ఫు పేరు మొట్టమొదట నిషేధరూపముననే కనబడుచున్నది. 1457లో, రెండవ జేమ్సు రాజు కాలమున, ప్రజలు విలువిద్యను విడిచి బంతులాటలలో ప్రొద్దుపుచ్చుచున్నారని గోల్ఫును, కాలిబంతిని పార్లమెంటు నిషేధించెను. విచిత్రమేమనగా, ఏ విద్యను కాపాడుటకై ఆ నిషేధము పుట్టెనో ఆ విద్యకు విండ్లు చేసి యిచ్చువారే పిమ్మట గోల్ఫు కఱ్ఱలు చేయువారైరి. 1502లో నాల్గవ జేమ్సు రాజు పెర్తు పట్టణపు విండ్ల పనివానియొద్ద క్లబ్బులు కొన్నట్లు రాజకోశపు లెక్కలలో నున్నది. 1603లో ఆరవ జేమ్సు ఎడింబరోలో విండ్లు చేయు విలియం మేన్ అనువానిని యావజ్జీవము తనకు క్లబ్బులు చేయువానిగా నియమించెను.

ఇందు ఆశ్చర్యమేమియు లేదు. వింటికి కావలసిన గుణమును కఱ్ఱకు కావలసిన గుణమును ఒక్కటియే. కొయ్య వంగవలెను, విరుగరాదు. వంగినది తక్షణమే తన నిలుకడకు మరలి రావలెను.

ఆ కాలపు కఱ్ఱకు రెండు ముఖ్యాంగములు. ఒకటి తల, రెండవది కామ. మన రైతు గొడ్డలికి, పాఱకు ఏది కామ యనునో ఇచ్చటను అదియే. తలను బీచి, ఆపిలు, పియరు మున్నగు గట్టి కొయ్యలతో చెక్కెడివారు. కామను యాషు కొయ్యతో చిత్రికపట్టెడివారు. రెంటిని ఏటవాలుగా కోసి, ఒకదానిపై నొకటి కూర్చి, సరేసుతో అతికి, కీలు పూసిన దారముతో గట్టిగా చుట్టెడివారు. బరువునకై తల వెనుక గుంట తొలిచి అందు సీసము పోసెడివారు. నేలకు తగులు అంచు అరుగకుండ పొట్టేలి కొమ్ము ముక్కను బిగించెడివారు. పిడికి మెత్తని గుడ్డ చుట్టి పైన తోలు కప్పెడివారు. వడ్రంగి, కమ్మరి, చర్మకారుడు మువ్వురు చేయు పనిని ఒక్కడే తన కొట్టములో చేయుచుండెను.

సెయింట్ ఆండ్రూస్ పట్టణమున హ్యూ ఫిల్ప్ అను వడ్రంగి 1819లో అచ్చటి గోల్ఫు సంఘమునకు క్లబ్బుల పనివాడాయెను. 1856లో అతడు మరణింపగా మేనల్లుడు రాబర్టు ఫోర్గన్ ఆ పనికొట్టమును స్వీకరించెను. అమెరికానుండి వచ్చు హికరీ కొయ్య కామకు మిక్కిలి తగినదని గుర్తించి దానిని వ్యాప్తిచేసినవారిలో ఈ ఫోర్గన్ ముఖ్యుడు. ఆ కొట్టములకు వచ్చినవాడు పనివాని యెదుట నిలుచును; చేతబట్టి ఊపి చూచును; బరువన్నచో పనివాడు చిత్రిక పట్టును, తేలికయన్నచో సీసము చేర్చును. కొనువానికి చేయువానికి నడుమ మూడవవాడు లేడు. కఱ్ఱ యెవరికొరకో చేయబడెడిదేగాని, ఊరకయే చేయబడెడిది కాదు.

ఉక్కు వచ్చిన పిమ్మట

ఈ పద్ధతిని మార్చినవి రెండు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఆట అమెరికాలో విస్తరింపగా కర్మాగారములు వెలసెను. పిమ్మట ఉక్కు గొట్టము కొయ్యకామ స్థానమును ఆక్రమించెను. అమెరికా గోల్ఫు సంఘము 1924లో ఉక్కు కామను అనుమతించెను. సెయింట్ ఆండ్రూస్ రాయల్ అండ్ ఏన్షియంటు క్లబ్బువారు అయిదేండ్లు వెనుదీసి 1929లో ఒప్పుకొనిరి.

ఉక్కు చేసిన మేలు తక్కువది కాదు. హికరీ కామలలో ఏ రెండును ఒక్కతీరున నుండవు. ఒకటి వానకు మెలిపడును, మరియొకటి యెండకు ఎండి పెళుసగును. ఉక్కునకు ఆ దోషము లేదు. నూరు గొట్టములు చేసినచో నూరును ఒక్క అచ్చే. అందువలననే క్లీకు, మాషీ, నిబ్లిక్కు అను పాత పేర్లు పోయి, ఒకటి రెండు మూడు అను అంకెలతో కఱ్ఱల కట్టలు అంగడికి వచ్చెను. ఒక్కరే ముప్పదికి దగ్గరగా కఱ్ఱలు మోయించుకొనుట మొదలిడగా, ఒక ఆటకు 14 కఱ్ఱలకు మించరాదని అమెరికావారు 1938లోను, స్కాట్లండువారు 1939లోను శాసించిరి.

కాని ఒక్క అచ్చున పోసినప్పుడు ఆ అచ్చు ఎవరి కొలతకు? అదియే చిక్కు. కర్మాగారమువాడు సగటు మనిషినొకని ఊహించుకొనును. వాని యెత్తు ఇంత, చేయి పొడవు ఇంత, విసరు వేగము ఇంత. అట్టి మనుజుడు లోకమున నిజముగా ఎచ్చటనైన నుండవచ్చును, ఉండకపోవచ్చును. తక్కినవారందరును కొంచెము వంగియో, కొంచెము నిక్కియో, మణికట్టును కొంచెము త్రిప్పియో, ఆ లేని మనుజుని కఱ్ఱతో ఆడవలసినవారే. బంతి ప్రక్కకు పోయినప్పుడు ప్రతివాడును తన్ను తాను నిందించుకొనును గాని, కఱ్ఱను శంకింపడు.

ఈ సందర్భమున బాబీ జోన్సును గూర్చి ఒక కథ గలదు. 1930లో ఆ కాలపు నాలుగు మహాపందెములను ఒక్క యేటనే గెలిచిన ఈ అమెరికను తన హికరీ కఱ్ఱలను ఏ యంత్రముతోను కొలువక, కేవలము చేతి స్పర్శచేత ఏరి కూర్చుకొనెను. తరువాతి కాలమున వానిని పరికరములతో పరీక్షింపగా, ఒక్క మాషీ నిబ్లిక్కు తప్ప తక్కినవన్నియు ఒక వరుసలో అమరియుండెననియు, ఆ కఱ్ఱతోనే తనకెప్పుడును ఇబ్బందియని జోన్సు చెప్పెననియు గోల్ఫు లోకమున ప్రతీతి. కథ యెంతవరకు అక్షరసత్యమైనను, అందలి భావము సత్యము. చేయి ఎరిగినదానిని త్రాసు తరువాత ఎరుగును.

ఆ త్రాసును కల్పించినవాడు రాబర్టు ఆడమ్సు అను అమెరికను. కాలము 1920 ప్రాంతపు దశకము. కఱ్ఱను ఊరక తూచినచో దాని మొత్తపు బరువు తెలియును. కాని విసరునప్పుడు చేతికి తోచు బరువు వేరు. ఏతమెత్తువారికి ఈ భేదము బాగుగా తెలియును. అదే రాయి కొయ్య చివర కట్టినచో ఒక బరువు, నడుమ కట్టినచో మరియొక బరువు. ఆడమ్సు పిడి చివరనుండి 14 అంగుళముల దూరమున కఱ్ఱను మోపి, తల యెంత క్రిందికి లాగునో అక్షరములతో అంకెలతో గుర్తించు పద్ధతి నేర్పరచెను. దీనిని విసరు తూకమని చెప్పవచ్చును. పురుషులు వాడు కఱ్ఱలలో పెక్కు ఈ పద్ధతిలో డి-0 మొదలు డి-2 వరకు నుండును.

చిన్న కొట్టములలో పుట్టిన పెద్ద మార్పులు

గత శతాబ్దిలో ఈ సాధనమునకు కలిగిన గొప్ప మార్పులలో కొన్ని కర్మాగారములలో పుట్టలేదు. తన యాట బాగుగా లేదని విసిగి, తప్పు తనలో గాక కఱ్ఱలో నుండవచ్చునని శంకించి, తానే పనిముట్లు చేతబట్టినవారి వలన పుట్టెను. మూడు దృష్టాంతములు చాలును.

మొదటివాడు ఆర్థరు నైటు. న్యూయార్కు రాష్ట్రములోని షెనెక్టడీ పట్టణమున జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీలో పనిచేయువాడు. బంతిని గుంటలోనికి దొర్లించు పట్టరు అను కఱ్ఱతో విసిగి, అల్యూమినియముతో తల చేయించి, కామను తల చివరగాక నడుమకు దగ్గరగా నాటెను. అమెరికను ఆటగాడు వాల్టరు ట్రావిస్ ఆ కఱ్ఱతో 1904లో ఇంగ్లండు పోయి బ్రిటిషు అమెచ్యూరు పందెమును గెలిచెను. 1910లో స్కాట్లండు శాసకులు అట్టి కఱ్ఱలను నిషేధించిరి. అమెరికావారు ఆ నిషేధమును అంగీకరింపలేదు. 1951లో ఉభయపక్షములును కూడి నిబంధనలను ఏకము చేసినప్పుడుగాని ఆ తగవు తీరలేదు. ఒక యుద్యోగి తన సౌకర్యమునకై చేసికొన్న కఱ్ఱ రెండు దేశముల శాసకులను నలువది యేండ్లు విడదీసెను.

రెండవవాడు జీన్ సరాజెన్. ఇటలీనుండి అమెరికాకు వచ్చిన యొక వడ్రంగి కుమారుడు, 1902లో జన్మించెను. ఇసుకగుంటలో పడిన బంతిని వెలికి తీయుట అతనికి గండముగా నుండెడిది. అందుకు వాడు నిబ్లిక్కు అంచు పలుచనిది. ఇసుకలో కత్తివలె దిగబడును. ఫ్లారిడాలో నున్నపుడు అతడు నిబ్లిక్కు అడుగుభాగమున టంకపు లోహము కరిగించి పోసి, ఆకురాయితో రాచి, వెనుక అంచు ముందు అంచుకంటె క్రిందుగా నుండునట్లు చేసెను. విమానము పైకి లేచునప్పుడు దాని తోక క్రిందికి దిగుటను చూచి తనకీ యూహ కలిగెనని అతడు తరువాత చెప్పెను. ఆ కఱ్ఱ ఇసుకలో దిగబడక జారిపోవును. 1932లో అతడు బ్రిటిషు ఓపెను, అమెరికా ఓపెను రెంటిని గెలిచెను. ఇట్టి కఱ్ఱను తలపోసినవాడు అతడొక్కడే కాదు. కాని లోకమున దానిని నిలిపినది అతని టంకమే.

మూడవవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వేదేశపు బెర్గెనులో పుట్టి, పసితనముననే తలిదండ్రులతో అమెరికా చేరినవాడు. తండ్రి చెప్పులు కుట్టువాడు. తానును మొదట ఆ వృత్తియే చేసెను. పిమ్మట ఇంజనీరై జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీలో చేరెను. నలువదేండ్లు దాటిన పిమ్మట గోల్ఫు నేర్చెను. పట్టరుతో బంతిని తిన్నగా కొట్టలేకపోయెను. బరువంతయు తల నడుమ నుండుటచేత, బంతి కొంచెము ప్రక్కగా తగిలినచో తల మెలిదిరుగుచున్నదని అతడు కనిపెట్టెను. బరువును రెండు చివరలకు పంచినచో మెలి తగ్గును. కావడిబద్దకు రెండు వైపుల కుండలున్నప్పుడు దానిని గిరుక్కున త్రిప్పుట ఎంత కష్టమో మన పల్లెలలో చూడనివారు లేరు. శాస్త్రము ఇదియే. 1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, తన మోటారు నిలుపు కొట్టమున, ఆ సూత్రముతో పట్టరు చేసెను. బంతి తగిలినప్పుడు అది పింగుమని మ్రోగుటచే దానికి పింగ్ అను పేరే పెట్టెను. 1967లో ఉద్యోగము విడిచి ఈ పనికే అంకితమాయెను.

సోల్‌హైము చరిత్రలో మనవారు గమనింపదగిన అంశము మరియొకటి గలదు. కొలిమిలో సాగగొట్టిన ఇనుప తలలకు మారుగా, మైనపు అచ్చుతో పోతపోసిన తలలను వ్యాప్తికి తెచ్చినవారిలో అతడు అగ్రగణ్యుడు. తలరూపమును మైనముతో చేసి, దానిపై మట్టివంటి పూత పొరలు పొరలుగా పెట్టి, కాచి మైనమును కరగించి తీసివేసి, ఏర్పడిన బోలులో లోహమును పోయుట ఆ పద్ధతి. ఇదియే మన శిల్పులు మధూచ్ఛిష్ట విధానమని పిలిచిన పోతవిద్య. పండ్రెండవ శతాబ్దిలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున దీని వివరణ మున్నది. దక్షిణదేశపు కంచు విగ్రహములు ఈ విధముననే పుట్టినవి. సోల్‌హైము దీనిని మననుండి నేర్చెనని మేము చెప్పుటలేదు. అనేక దేశములవారికి ఈ విద్య తెలియును. కాని దేవుని విగ్రహము పోయు విద్యయే ఆటకఱ్ఱ తలను పోయుచున్నదని తెలిసికొనుట పనివానికి గౌరవము.

కూర్చు విధము

ఇంట కఱ్ఱ కూర్చువాడు నేడు తలను తానుగా పోయడు. తల, కామ, పిడి మూడింటిని విడివిడిగా తెప్పించుకొనును. వానిని తనకు తగినట్లు కూర్చుటయే అతని విద్య.

మొదటిది కొలత. మనిషి చెప్పులతో నిటారుగా నిలిచి, చేతులు వ్రేలాడవిడిచి, మణికట్టునుండి నేలవరకు గల దూరము కొలువవలెను. ఒక్క యెత్తుగల ఇద్దరిలో ఒకని చేతులు దీర్ఘములై యుండవచ్చును. వానికి పొట్టి కఱ్ఱయే తగును. పిమ్మట కామ వాలు చూడవలెను. తల అడుగున కాగితపు పట్టీ అతికి, గట్టి పలకపైనుండి బంతిని కొట్టినచో పట్టీపై గీతపడును. గీత తల చివరవైపు పడినచో తల చివర నేలకు తగులుచున్నదని యర్థము. కామను మరికొంత నిటారు చేయవలెను. మెడవైపు పడినచో వాల్చవలెను. మెత్తని ఉక్కు తలలైనచో మెడను ఒకటి రెండు డిగ్రీలు వంచవచ్చును.

రెండవది కామ. ఉక్కు కామను గొట్టములు కోయు పనిముట్టుతో కోయుదురు. 1969 ప్రాంతమున వెలసిన గ్రాఫైటు కామను సన్నని రాపిడి చక్రముతో కోయవలెను; ఆ ధూళి రొమ్మునకు హానికరము గనుక ముక్కునకు అడ్డు కట్టుకొనవలెను. కామను ఏ కొన కోయుచున్నామో ఎరిగి కోయవలెను. తలవైపు కోసినచో బిగువు హెచ్చును. పిడివైపు కోసినచో ముఖ్యముగా పొడవే తగ్గును. కోసినది మరల అతుకదు. మన వడ్రంగులు రెండుమారులు కొలిచి ఒక్కమారు కోయుట ఇందుకే.

మూడవది తూకము. ఇచ్చటనే ఈ విద్యలోని అందమున్నది. ఇనుప కఱ్ఱల వరుసలో ఒకదానికంటె మరియొకటి అరయంగుళము పొడుగు. అరయంగుళము పెరిగినచో విసరు తూకము ఇంచుమించు మూడు గుర్తులు హెచ్చును. తలకు రెండు గ్రాములు చేర్చినచో ఒక గుర్తు హెచ్చును. కావున కఱ్ఱ అరయంగుళము పెరిగిన కొలది తల సుమారు 7 గ్రాములు తగ్గవలెను. ఏడవ అంకె కఱ్ఱ తల సుమారు 270 గ్రాములైనచో ఆరవది 263, అయిదవది 256. ఈ లెక్క కుదిరినచో ఏ కఱ్ఱను పట్టినను చేతికి ఒక్కతీరుననే తోచును. కుదరనిచో జోన్సు మాషీ నిబ్లిక్కు గతియే. తక్కువైన తూకమును కామ కొనలో చిన్న ఇత్తడి ముక్కగాని సీసపు ముక్కగాని దూర్చి సరిచేయుదురు. ఇదంతయు అతుకుటకు ముందే, ఊరక కూర్చి చూచి, నిర్ణయించుకొనవలెను.

నాలుగవది అతుకు. కామ కొనపై నున్న మెరుగుపూతను ఉప్పుకాగితముతో గీకివేయవలెను. నునుపుపై జిగురు పట్టదు. తల మెడలోని మురికిని తీగకుంచెతో తుడువవలెను. మెడకు కామకు నడుమ చూచుటకు అందముగా నుండు చిన్న పొన్ను నొకదానిని ముందు ఎక్కింపవలెను. రోకలికి పొన్ను తొడిగినట్లే. పిమ్మట ఎపాక్సీ యను రెండు పాళ్ల జిగురును సమముగా కలిపి, మెడలోను కొనపైనను రాచి, త్రిప్పుచు దూర్చి, ఒక దినము కదలింపక నిలుపవలెను. తొందరపడినవాడు ఇచ్చటనే చెడును. సామాన్యుడు పెద్ద కఱ్ఱ విసరినప్పుడు తల గంటకు సుమారు 90 మైళ్ల వేగముతో పోవును. అతుకు వీడినచో ఆ తల యెవరికి తగులునో చెప్పజాలము. ఆట వినోదమే కాని, అతుకు వినోదము కాదు.

అయిదవది పిడి. కామకు రెండు వైపుల జిగురు గల పట్టీ చుట్టి, ద్రావకముతో తడిపి, రబ్బరు పిడిని ఒక్కయూపున లోనికి తోయవలెను. అది ఆరునంతలో గుర్తులు సరిగా ముందునకు వచ్చునట్లు సరిచూచుకొనవలెను. పిడి లావు చాలనిచో పట్టీని మరియొక చుట్టు చుట్టిన చాలును. చేతివ్రేళ్లకు సరిపడు లావు ఎంతయో అంగడివానికి తెలియదు, చేతికే తెలియును.

ఆక్షేపణలు

దీనిపై కొన్ని ఆక్షేపణలు గలవు. అవి త్రోసివేయదగినవి కావు. ఇంట కూర్చుట అన్నిసమయములందును చౌక కాదు. పరికరముల వెల, చెడగొట్టిన కామల వెల కలిపి చూచినచో కొందరికి అంగడి కఱ్ఱయే మేలు. మరియు గొప్ప కంపెనీలు కొలతను లక్ష్యపెట్టవనుట న్యాయము కాదు. సోల్‌హైము కంపెనీయే ఆటగాని యెత్తును, మణికట్టు దూరమును కొలిచి, రంగు చుక్కలచేత తగిన వాలును సూచించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. నేడు పెద్ద అంగళ్లలో యంత్రములతో విసరును పరీక్షించి కఱ్ఱ నిర్ణయించువారు గలరు. అన్నిటికంటె ముఖ్యము, తగిన కఱ్ఱ చెడ్డ ఆటగానిని మంచివానిగా చేయదు. కలము మంచిదైనంత మాత్రమున కావ్యము పుట్టదు.

ఇవన్నియు నిజమే. కాని ఈ ఆక్షేపణలు వెలను గూర్చినవి, ఫలమును గూర్చినవి. తెలివిని గూర్చినవి కావు. అంగడిలో కొలతలు తీయించుకొన్నవాడు ఒక కాగితము తెచ్చుకొనును. అందలి అంకెలకు అర్థము అడుగువానికి మాత్రమే తెలియును. తాను కూర్చుకొన్నవాడు ఆ అంకెలు ఎచ్చటనుండి వచ్చెనో ఎరుగును. రేపు వయస్సు మీరి విసరు మందగించినప్పుడు ఏమి మార్చవలెనో వానికి ఒకరు చెప్పనక్కరలేదు. బంతి ప్రక్కకు పోయినప్పుడు తప్పు తనదా, కఱ్ఱదా యని విడదీసి చూడగలడు. నిష్కారణముగా తన్ను నిందించుకొనడు. నిష్కారణముగా కఱ్ఱనును నిందింపడు. ఈ వివేకమునకు వెల కట్టుట సాధ్యము కాదు.

మూయబడుచున్న తలుపు

ఈ విద్య రహస్యముగా నుండక పదిమందికి అందుట అమెరికాలో గత శతాబ్ది ఉత్తరార్ధమున జరిగెను. ఒహాయో రాష్ట్రములోని న్యూఆర్కు పట్టణమున రాల్ఫ్ మాల్ట్‌బీ పనిముట్లను, విడిభాగములను తపాలాలో పంపు వ్యాపారము నడపుటయే గాక, కఱ్ఱల నిర్మాణమును గూర్చి 1974లో బృహద్గ్రంథము ప్రకటించెను. పనికొట్టములలో గురువునుండి శిష్యునికి మాత్రమే సంక్రమించు సంగతులు అచ్చునకెక్కెను. 1967లో కార్ల్ పాల్ స్థాపించిన గోల్ఫ్‌స్మిత్ అను సంస్థ విడిభాగముల జాబితాను ఊరూర పంపి, సామాన్యులకు ఇంట కఱ్ఱ కూర్చుట అలవాటు చేసెను. 2016లో ఆ సంస్థ దివాలా తీసెను.

నేడు పేరుపొందిన కంపెనీల తలలు విడిగా దొరకుట కష్టము. కామను తలకు మరతో బిగించు చిన్న తొడుగులు వచ్చినవి. ఒక కంపెనీ తొడుగు మరియొక కంపెనీ తలకు పట్టదు. మర త్రిప్పి వాలును మార్చుకొనుట సులభమైనది, కాని ఆ మరకు అవతల నున్నదానిని ఎరుగవలసిన అవసరము తగ్గిపోయెను. సౌకర్యము పెరిగిన కొలది ఎరుక తగ్గుట ఈ యాటకే పరిమితము కాదని పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. మన యిండ్లలోని యంత్రములలో ఎన్నింటి మూతలు మనము తీయగలము?

అయినను తలుపు పూర్తిగా మూయబడలేదు. ఆటనిబంధనలు ఇంట చేసిన కఱ్ఱను నిషేధింపవు. పొడవు 18 అంగుళములకు తగ్గక, పట్టరు తప్ప తక్కినవి 48 అంగుళములకు మించక, పెద్ద కఱ్ఱ తల 460 ఘన సెంటీమీటర్లకు లోబడి, తక్కిన నియమములకు సరిపడినచో దానిని ఎవరు చేసిరని ఎవరును అడుగరు. 2022 నుండి గొప్ప పందెములలో 46 అంగుళముల హద్దు విధించుటకు మాత్రము అవకాశ మేర్పడినది. ఆట నడుచుచుండగా కఱ్ఱను మార్చరాదు. ఇంతకు మించి శాసనము లేదు. హికరీ కామలతో, పాత పద్ధతిని, ముచ్చటకై ఆడు సంఘములును స్కాట్లండు, అమెరికాలలో నేటికి గలవు. వారు కొయ్యకు లక్కపూత పెట్టుచు, కీలుదారము చుట్టుచు, విండ్లవాని విద్యను నిలుపుచున్నారు.

మన గ్రామములలో నాగలి చేయు వడ్రంగి మొదట దున్నువానిని నిలుచుండబెట్టి మేడి యెంత యెత్తున నుండవలెనో చూచును. ఎడ్ల యెత్తు చూచును. నేల నల్లరేగడియా ఇసుకనేలయా అని అడుగును. పిమ్మటనే బాడిసె పట్టును. ఆ నాగలిని పొరుగువానికిచ్చినచో వాని నడుము నొచ్చును. దున్నుట రాక కాదు, మేడి తనది కాకపోవుటచేత. నేడు ట్రాక్టరు వచ్చి ఆ వడ్రంగి పని తగ్గెను. అందుకు ఎవరును దుఃఖింపనక్కరలేదు. కాని అతడు అడిగిన మొదటి ప్రశ్న మాత్రము పాతబడలేదు. ఎవరి చేతికి? గోల్ఫు కఱ్ఱయైనను, మగ్గమైనను, వ్రాతబల్లయైనను, ఆ ప్రశ్న అడిగిన పిమ్మటనే పని మొదలిడవలెను. అడుగువాడు లేనిచోట ఉపయోగించువాడే అడుగుకొనవలెను. అవసరమైనచో ఆకురాయి తానే చేతబట్టవలెను.